ప్రవేశ పత్రం వచ్చిన తరువాత

పాఠం 17

17.0 పరిచయం

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి.కీ, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికీ దగ్గరలో కటవారియా సరాయ్ అనే ఊరు ఉంది. ఊరు అనేది పాత మాట. నగరం పెరిగి దాన్ని తనలో కలుపుకుంది. ఇరుకు గల్లీలు, నాలుగైదు అంతస్తుల ఇళ్లు, ఒక్కో అంతస్తులో మూడు నాలుగు అద్దె గదులు. గేట్, ఇంజినీరింగ్ సర్వీసు, సివిల్స్ పరీక్షలకు చదువుకునేవారు ఆ గదుల్లో ఉంటారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. సరాయి అంటే బాటసారుల సత్రం. ఆ పేరు ఈనాటికీ తగినట్టే ఉంది. అక్కడ అద్దెకుండేవారిలో ఎక్కువమంది ఏదో ఒక కాగితం కోసం ఎదురుచూస్తూ ఉంటారు. అది వచ్చిన రోజు గది ఖాళీ చేస్తారు.

ఆ కాగితాల్లో రెండింటిని గురించి ఈ పాఠం. ఒకటి విదేశీ విశ్వవిద్యాలయం పంపే ప్రవేశ పత్రం. రెండోది విద్యార్థి వీసా. మీరు స్వయంగా దరఖాస్తు పెట్టకపోవచ్చు. మీ తమ్ముడో, కూతురో పెట్టవచ్చు. అప్పు కోసం పొలం కాగితాలు బ్యాంకులో పెట్టేటప్పుడు సంతకం మాత్రం మీదే కావచ్చు. కాబట్టి చదివి తెలుసుకోవలసిన వారిలో మీరూ ఉన్నారు.

17.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ప్రవేశ పత్రంలోని షరతులను గుర్తించగలుగుతారు. ఏ కాగితం ఎవరు ఇస్తారో, అది ఏ ప్రశ్నకు జవాబో చెప్పగలుగుతారు. చేదర్థక, అప్యర్థక వాక్యాలను గుర్తించి సొంతంగా రాయగలుగుతారు.

17.2 మూలపాఠం: అన్న రాసిన ఉత్తరం

(కింది ఉత్తరాన్ని ఈ పాఠం కోసం రాశాం. అన్న కటవారియా సరాయ్‌లో ఉండి గేట్ పరీక్షకు చదువుతున్నాడు. చెల్లెలు ఖమ్మం దగ్గర ఊళ్లో ఉంది. ఇంజినీరింగ్ ఆఖరి సెమిస్టరు రాసి, అమెరికాలో ఎం.ఎస్.కు దరఖాస్తు చేసింది.)

కటవారియా సరాయ్,
న్యూఢిల్లీ.

చి|| చెల్లెమ్మకు,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నాన్న, అమ్మ, నువ్వు క్షేమమని తలుస్తాను. "సీటొచ్చింది అన్నయ్యా" అని నువ్వు ఫోనులో అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పక్క గదుల వాళ్లకి జిలేబీ కూడా పంచాను. ఆ తరువాత నువ్వు పంపిన కాగితం తీరిగ్గా చదివాను. రెండోసారి చదివాక ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఫోనులో చెబితే సగం గుర్తుంటుంది, సగం గాలికి పోతుంది.

నీకు వచ్చింది షరతులతో కూడిన ప్రవేశం. రెండో పేరా మళ్లీ చదువు. ఆఖరి సెమిస్టరు మార్కుల పట్టిక అందితే, ఇంగ్లీషు పరీక్షలో వాళ్లు అడిగిన స్కోరు వస్తే, మొదటి సంవత్సరం ఖర్చుకు సరిపడా డబ్బు చూపితే, అప్పుడు ఐ-20 పంపుతామన్నారు. మూడు చోట్లా "అయితే" ఉంది. నీ మార్కులు ఇంకా రాలేదు. ఇంగ్లీషు పరీక్ష వచ్చే నెల. అమీర్‌పేటలో ఆ కన్సల్టెన్సీ ఆయన "అడ్మిషన్ అయిపోయింది, డబ్బు కట్టేయండి" అన్నాడని నాన్న చెప్పారు. ఆయన ఆ రెండో పేరా నాన్నకి చదివి వినిపించాడా? అడుగు.

నాన్న పొలం కాగితాలు తీసుకుని బ్యాంకుకు వెళ్తానంటున్నారు. ఒక వారం ఆగమని చెప్పు. నేను చెప్పానని చెప్పు, కోపం వస్తే నామీదే రానీ. ముందు విశ్వవిద్యాలయానికి నువ్వే రాసి రెండు సంగతులు అడుగు: ఇప్పుడు కట్టే డిపాజిట్టు షరతులు నెరవేరకపోతే తిరిగి ఇస్తారా? కట్టడానికి ఆఖరి తేదీ ఏది? జవాబు రాతపూర్వకంగా రావాలి. ఇంకొకటి. దరఖాస్తులో ఇచ్చిన ఈ-మెయిలు ఎవరిది? కన్సల్టెన్సీ వాళ్లు తెరిచినదైతే పాస్‌వర్డు ఇవాళే తీసుకుని మార్చుకో. విశ్వవిద్యాలయం నీకు రాసే ఉత్తరం ముందు వేరేవాళ్లు చదవడం ఏం బాగుంటుంది చెప్పు?

పేరు సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్లో మన ఇంటిపేరు పూర్తిగా ఉంది. నీ ఇంజినీరింగ్ మార్కుల పట్టికల్లో ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశారు. అట్లాగే వెళ్తే అమెరికా వీసాలో నీ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, పేరు ఉండాల్సిన చోట ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది. పేరు తెలియదు అని దానర్థం. మా గల్లీలో ఒకబ్బాయి వాళ్లక్కను అక్కడ బ్యాంకులోనూ, ఆసుపత్రిలోనూ ఫ్నూ ఫ్నూ అని పిలుస్తున్నారట! నవ్వొస్తుంది గానీ, ప్రతిచోటా వివరం చెప్పుకోవాలి. ఇంకా వ్యవధి ఉంది, పాస్‌పోర్టు సరిచేయించుకో.

చివరిగా, డబ్బు చూపించే సంగతి. "పదిహేను రోజులకు మీ ఖాతాలో లక్షలు వేస్తాం, వడ్డీ ఇంత" అంటారు. ఒప్పుకోవద్దు. వీసా అధికారి "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడుగుతారు. పత్తి, మిర్చి సాగు చేస్తారని నువ్వు చెబుతావు. ఆ మాటకీ, ఖాతాలో నిన్నగాక మొన్న పడిన మొత్తానికీ పొంతన ఉండదు. నిజంగా మంజూరైన చదువు అప్పు ఉత్తరం, మనకున్నంత నిల్వ, అంతే చూపుదాం. చాలకపోతే ఒక సంవత్సరం ఆగుదాం.

మా కింది గదిలో ఈమధ్య ఆఫ్రికా నుంచి ఒక విద్యార్థి దిగాడు. వచ్చిన రోజే ఇంటాయన అతని పాస్‌పోర్టు, వీసా నకళ్లు తీసుకుని పోలీసులకు తెలియజేయాలని హడావిడి పడ్డాడు. రేపు నువ్వు అక్కడ దిగితే నిన్నూ ఎవరో ఒకరు ఇట్లాగే అడుగుతారు. అప్పుడు నీ కాగితాలు నీకు తెలిసి ఉండాలి.

అమ్మకు, నాన్నకు నా నమస్కారాలు. జవాబు వెంటనే రాయి.

నీ అన్నయ్య

17.3 ప్రవేశ స్థితిని తెలిపే మాటలు

దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఆఖరి నిర్ణయం దాకా దానికి ఒక స్థితి ఉంటుంది. విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో అభ్యర్థి తన ఖాతా తెరిచి చూస్తే అది కనిపిస్తుంది. "అందింది" అంటే దరఖాస్తు చేరిందని మాత్రమే. "అసంపూర్ణం" అంటే ఏదో కాగితం చేరలేదని. చాలామంది దీన్ని పట్టించుకోరు. సిఫారసు ఉత్తరం ఒకటి రాకపోయినా దరఖాస్తును అసలు చదవకుండా పక్కన పెట్టే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. "పరిశీలనలో ఉంది" అన్నప్పుడు చేయగలిగిందేమీ లేదు, వేచి ఉండటమే.

నిర్ణయాల్లో షరతులతో కూడిన ప్రవేశం, షరతులు లేని ప్రవేశం, నిరీక్షణ జాబితా, తిరస్కారం అనే రకాలు ఉన్నాయి. మొదటిదాన్ని గురించే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పత్రం పై భాగంలో పెద్ద అక్షరాలతో అభినందనలు ఉంటాయి. షరతులు కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. అమెరికాలో 2016 జులైలో వెలువడిన ప్రభుత్వ మార్గదర్శకం ప్రకారం, ప్రవేశ షరతులన్నీ నెరవేరేదాకా విశ్వవిద్యాలయం ఐ-20 ఇవ్వకూడదు. ఐ-20 లేనిదే విద్యార్థి వీసాకు దారి లేదు. బ్రిటన్‌లో ఈ స్థానంలో ఉండే పత్రాన్ని కాస్ అంటారు. పేర్లు మారుతాయి గానీ వరస అదే.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ మనకు బాగా తెలిసిన మాట. డిగ్రీ పూర్తయింది, అసలు పట్టా ఇంకా ముద్రణ కాలేదు అని దాని అర్థం. అలవాటు కొద్దీ ప్రొవిజనల్ ప్రవేశం అన్నా అలాగే, పని పూర్తయిందనే అనుకుంటాం. ప్రవేశం విషయంలో ఆ మాటకు తాత్కాలికం అనే అర్థం. ఇంకా ఏదో రుజువు చేయవలసి ఉందన్నమాట.

17.4 భాషాంశం

ఉత్తరంలోని ఈ వాక్యం చూడండి: ఇంగ్లీషు పరీక్షలో స్కోరు వస్తే ఐ-20 పంపుతారు. ఇందులో "వస్తే" అనేది అసమాపక క్రియ. మొదటి పని జరగడం రెండో పనికి కారణం. ఇలాంటి వాక్యాన్ని చేదర్థక వాక్యం అంటారు.

ఇప్పుడు ఇంకో వాక్యం: వీసా వచ్చినా విమానాశ్రయంలో అధికారి అనుమతించాలి. మొదటి పని జరిగింది. దానివల్ల కలుగుతుందనుకున్న ఫలితం తప్పనిసరిగా కలగలేదు. ఇది అప్యర్థకం. "వచ్చినా", "కట్టినా", "ఉన్నా" అనే రూపాలతో వస్తుంది.

ప్రవేశ పత్రాన్ని ఇంట్లో ఎవరైనా తెలుగులోకి మార్చి చెబుతుంటే ఈ రెండు రూపాల కోసం చెవి ఒగ్గి వినండి. "ఫీజు కడితే సీటు ఖాయం" అన్న మాట విన్నప్పుడు, పత్రంలో నిజంగా ఉన్నది "ఫీజు కట్టినా మార్కులు రాకపోతే సీటు ఉండదు" అని కావచ్చు.

పాఠగత ప్రశ్నలు – 1
(అ) చెల్లెలికి వచ్చిన పత్రంలో ఎన్ని షరతులున్నాయి? అవి ఏవి?
(ఆ) "డిపాజిట్టు కట్టింది. ఐ-20 రాలేదు." ఈ రెండు వాక్యాలను కలిపి అప్యర్థక వాక్యంగా రాయండి.

17.5 ఏ కాగితం ఎవరిది?

ఐ-20ని విశ్వవిద్యాలయం ఇస్తుంది. అందులో కోర్సు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, మొదటి సంవత్సరం ఖర్చు అంచనా, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఆ వివరం ఉంటాయి. పై భాగంలో ఎన్ అక్షరంతో మొదలయ్యే సెవిస్ సంఖ్య ఉంటుంది. విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ పేరు సెవిస్. దానికి వేరే రుసుము ఉంది. 2019 జూన్ నుంచి అది 350 డాలర్లు. దీన్ని వీసా రుసుముతో కలిపి లెక్కించకూడదు. ఒకటి కట్టి రెండూ కట్టామనుకునేవారు ఉన్నారు.

తరువాత డీఎస్-160 అనే ఆన్‌లైన్ ఫారం. దీన్ని అభ్యర్థే నింపాలి. వేరొకరు నింపినా కింద సంతకం అభ్యర్థిదే, జవాబుదారీ అభ్యర్థిదే. అందుకని ప్రతి గడీ చదివి చూసుకోవాలి. ఆపైన వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు ఇంకొక రోజు. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో మొదలైంది. అంతకుముందు తెలుగువారు ఇందుకోసం చెన్నై వెళ్లేవారు. ఢిల్లీలో ఉండేవారికి చాణక్యపురిలోని రాయబార కార్యాలయం ఉంది.

ఇంటర్వ్యూ చాలాసార్లు కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. ఇతను చదువుకోవడానికే వెళ్తున్నాడా, ఖర్చుకు డబ్బుందా, చదువయ్యాక తిరిగి వస్తాడా అన్నవి అధికారి తేల్చుకోవాలి. నమ్మకం కలగకపోతే 214(బి) అనే సెక్షను కింద నిరాకరిస్తారు. మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు, రుసుము మళ్లీ కట్టాలి. 221(జి) అన్నారంటే కాగితమేదో తక్కువైందని, లేదా ఇంకా విచారించాలని అర్థం. ఈ రెండింటినీ ఒకటే అనుకుని ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టనవసరం లేదు. చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వచ్చాక నూట ఎనిమిది చేసేవారు ఎందరో ఉన్నారు. మొక్కుకు అడ్డు చెప్పడం ఈ పాఠం పని కాదు. మొక్కుతో పాటు ఐ-20 మీద విద్యార్థి సంతకం చేశాడో లేదో కూడా చూసుకోవాలి.

వీసా అనేది అమెరికా గుమ్మం దాకా వెళ్లడానికి అనుమతి. లోపలికి రానిచ్చేది విమానాశ్రయంలోని అధికారి. ఆయన నమోదు చేసే ఐ-94 అనే రికార్డుతో విద్యార్థి హోదా మొదలవుతుంది. కోర్సు మొదలయ్యే తేదీకి ముప్పై రోజులకంటే ముందు కొత్త విద్యార్థిని రానివ్వరు. లోపలికి వెళ్లాక హోదాను నిలబెట్టేది వీసా ముద్ర కాదు, చదువు. పూర్తికాలపు విద్యార్థిగా తరగతులకు హాజరవుతూ ఉంటే, పాస్‌పోర్టులోని వీసా గడువు మధ్యలో ముగిసినా హోదా ఉంటుంది. తరగతులకు పోవడం మానేస్తే, వీసాకు ఇంకా మూడేళ్ల గడువున్నా హోదా ఉండదు. ఈ ఒక్క సంగతి తెలియక, తెలిసినా లెక్కచేయక చిక్కుల్లో పడ్డవారి కథ కింద ఉంది.

17.6 జాబితాలో ఉన్నా...

స్థితి విద్యార్థికే కాదు, విశ్వవిద్యాలయానికీ ఉంటుంది. కటవారియా సరాయ్ పక్కనున్న సంస్కృత విశ్వవిద్యాలయాన్నే చూడండి. అది 1962లో విద్యాపీఠంగా మొదలైంది. 1987లో డీమ్డ్ విశ్వవిద్యాలయం అయింది. 2020లో పార్లమెంటు చేసిన చట్టంతో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. అదే చట్టం తిరుపతి విద్యాపీఠానికీ ఆ హోదా ఇచ్చింది. మన దేశంలో డిగ్రీ ఇచ్చే హక్కు ఎవరికి ఉందో 1956 నాటి యూజీసీ చట్టం చెబుతుంది. బోర్డు మీద విశ్వవిద్యాలయం అని రాసుకున్నంత మాత్రాన ఆ హక్కు రాదు. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ ప్రకటిస్తూ ఉంటుంది. అందులో ఢిల్లీ చిరునామాలు ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్ చిరునామాలూ ఉన్నాయి.

అమెరికాలో విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. అనుమతి ఉన్న సంస్థల జాబితా అందరూ చూడవచ్చు. చదువు నాణ్యతకు గుర్తింపు ఇచ్చే సంస్థలు వేరే ఉన్నాయి. రెండూ చూసుకోవాలని అందరూ చెబుతారు. మంచి సలహాయే. అది చాలదని రెండు సంఘటనలు చూపించాయి.

మొదటిది కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ఉండిన ట్రై-వ్యాలీ యూనివర్సిటీ. విద్యార్థులను చేర్చుకునే అనుమతిని అది తప్పుడు సమాచారంతో సంపాదించింది. 2011 జనవరిలో అధికారులు దాన్ని సోదా చేసి మూయించారు. విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు. వారిలో తెలుగువారు చాలామంది. సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్ పట్టణంలో ఒకే ఒక్క అపార్టుమెంటులో నివాసం ఉంటున్నట్టు రికార్డుల్లో రాసి ఉంది! నిజానికి వారు దేశమంతటా చెదిరి ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో పట్టీలు తొడిగితే మన దేశం నిరసన తెలిపింది. యూనివర్సిటీ స్థాపకురాలికి 2014లో పదహారేళ్లకు పైగా జైలు శిక్ష పడింది.

రెండోది మరీ విచిత్రం. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ఒక సంస్థ ఉండేది. ప్రభుత్వ అనుమతి జాబితాలో పేరుంది. గుర్తింపు సంస్థ జాబితాలో ఉంది. వెబ్‌సైటు ఉంది, ముద్ర ఉంది. లేనివి అధ్యాపకులు, తరగతులు. 2019 జనవరి చివర అసలు సంగతి బయటపడింది. దాన్ని నడిపింది వేషం మార్చుకున్న అమెరికా వలస విభాగపు అధికారులే. ఆ ఆపరేషన్ పేరు పేపర్ చేజ్. మొదటి విడతలో అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో ఎక్కువమంది తెలుగువారు. 2019 ఫిబ్రవరి 2న మన విదేశాంగ శాఖ ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి అభ్యంతర పత్రం అందజేసింది. విద్యార్థులను చేర్పించి కమీషను తీసుకున్న ఎనిమిది మంది మీద కేసులు నడిచాయి. ఎనిమిది మందీ నేరం ఒప్పుకున్నారు.

చదువు లేదని తెలిసే వారు చేరారని ప్రభుత్వం అన్నది. ప్రభుత్వమే జాబితాలో పెట్టి తమను మోసగించిందని విద్యార్థులు అన్నారు. ఫీజు సొమ్ము గురించి విద్యార్థుల తరఫున వేసిన దావాను కింది కోర్టు కొట్టివేస్తే, 2024లో అప్పీలు కోర్టు దాన్ని తిరిగి బతికించింది. విద్యార్థులందరూ ఒక తీరువారు కారు. కొందరు చదువుతున్న విశ్వవిద్యాలయం గుర్తింపు పోయి, హోదా కాపాడుకునే తొందరలో అక్కడ చేరారు. కొందరు తరగతులు లేకపోవడమే సుఖమనుకున్నారు. మిత్రుణ్ని చేర్పిస్తే ఫీజు తగ్గుతుందన్న మాట విని ఇంకొందరిని తెచ్చినవారూ ఉన్నారు. వీరందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

కాబట్టి జాబితా చూసిన తరువాత ఇంకొక ప్రశ్న అడగాలి: తరగతి ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నకు జాబితా జవాబు చెప్పదు. అక్కడ ఇప్పుడు చదువుతున్న ఇద్దరు విద్యార్థులతో మాట్లాడితే పది నిమిషాల్లో తెలుస్తుంది. మొదటి రోజునుంచే పూర్తికాలం ఉద్యోగం చేసుకోవచ్చని ఎవరైనా ఆశపెడితే, అది చదువు గురించి చెబుతున్న మాట కాదని గ్రహించాలి.

17.7 ఇటు వచ్చేవారి సంగతి

ఉత్తరంలో కింది గది విద్యార్థి ప్రస్తావన వచ్చింది. మన దేశానికి చదువుకోవడానికి వచ్చే విదేశీయులకూ వరస దాదాపు ఇదే. ముందు ఇక్కడి విశ్వవిద్యాలయం ప్రవేశ పత్రం, దాని ఆధారంగా అతని దేశంలోని మన రాయబార కార్యాలయం ఇచ్చే విద్యార్థి వీసా. వీసా 180 రోజులకు మించినదైతే వచ్చిన 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. నేపాల్, భూటాన్ పౌరులకు వీసా అక్కరలేదు. గది అద్దెకిచ్చినవారు విదేశీయుడు దిగిన 24 గంటల్లోగా అధికారులకు తెలియజేయాలి. వీటికి ఆధారమైన పాత చట్టాల స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త వలస, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో మీ ఇంట్లో ఒక గది ఉండి, విదేశీ విద్యార్థికి ఇవ్వాలనుకుంటే ఈ బాధ్యత మీకూ వర్తిస్తుంది. అద్దె మాట్లాడే రోజే పాస్‌పోర్టు, వీసా, ప్రవేశ పత్రం మూడూ చూడండి. చూసి ఇవ్వడం అతనికీ మేలే. నమోదు లేకుండా ఉంటే ముందుగా ఇబ్బంది పడేది అతనే.

17.8 అభ్యాసం

1. మీ ఇంట్లో లేదా వీధిలో ఎవరికైనా ఏ చదువుకైనా వచ్చిన ప్రవేశ పత్రం అడిగి తీసుకుని చదవండి. అందులోని షరతులను చేదర్థక వాక్యాలుగా తెలుగులో రాయండి.
2. చెల్లెలు అన్నకు రాసే జవాబును పదిహేను వాక్యాల్లో రాయండి. నాన్న ఏమన్నారో అందులో ఉండాలి.
3. మీ పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి, మీ పేరు మూడింటిలోనూ ఒకేలా ఉందో లేదో చూసి తేడాలు రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

(అ) మూడు. ఆఖరి సెమిస్టరు మార్కుల పట్టిక అందడం, ఇంగ్లీషు పరీక్షలో అడిగిన స్కోరు రావడం, మొదటి సంవత్సరం ఖర్చుకు సరిపడా డబ్బు చూపడం.
(ఆ) డిపాజిట్టు కట్టినా ఐ-20 రాలేదు.